ఒక్క రెట్రోలో మాత్రం మాట్లాడారు

మా మేనకోడలికి ఈ మధ్య ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో స్క్రమ్ మాస్టర్ ఉద్యోగం వచ్చింది. చేరిన రెండో నెలలో ఫోన్ చేసి, "అత్తయ్యా, రెట్రోల్లో ఎవరూ నోరు తెరవడం లేదు. మీరేం చేసేవారు?" అని అడిగింది. రిటైరయ్యేదాకా నేను చేసింది ఆ ఉద్యోగమే. అయినా ఆ ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదు. ఉన్నదల్లా ఒక్క శుక్రవారం జరిగిన సంగతి. అది ఎందుకు అలా జరిగిందో ఇప్పటికీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నా అయోమయమైనా ఏదో రకంగా పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

అసలు పని ఏమిటంటే

సాఫ్ట్‌వేర్ పనిని రెండేసి వారాల విడతలుగా చేస్తారు. ప్రతి విడత చివరా టీమంతా ఒకచోట కూర్చుని ఏది బాగా జరిగింది, ఏది దెబ్బతింది, ఏది మార్చుకోవాలి అని మాట్లాడుకోవాలి. దాన్నే రెట్రో అంటారు. ఆ సమావేశం నడపడం స్క్రమ్ మాస్టర్ బాధ్యత.

వినడానికి ఇంత తేలికైన ఉద్యోగం ఇంకోటి ఉండదు. నలుగురిని కూర్చోబెట్టి మాట్లాడించడమే కదా అనిపిస్తుంది. హైదరాబాద్‌లో పనిచేసినన్నాళ్లూ నేనూ అలాగే అనుకున్నాను. అక్కడ రెట్రో అంటే కేకలే. ఒకరి మాట ఒకరు విననివ్వరు. వాళ్లను ఆపడమే నా పనిగా ఉండేది. మావారికి ఏలూరు కాలేజీకి బదిలీ అయ్యాక నేనూ ఇక్కడికి వచ్చి ఒక చిన్న కంపెనీలో చేరాను. ఇక్కడ ఆపడానికి ఎవరూ లేరు.

అందరూ మర్యాదస్తులే

కంపెనీ పవర్‌పేటలో ఒక మేడ మీద ఉండేది. పెట్టినాయన రామరాజు గారు. ఆయనది ఉండి దగ్గర ఊరు, వాళ్లకీ చేపల చెరువులున్నాయి. చెరువు నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో చూసే మీటరు పెట్టి, అది పడిపోగానే రైతుకు దానంతటదే ఫోన్ వెళ్లేలా చేయడం మా కంపెనీ పని. ఫోన్ రాగానే రైతు నీళ్లను చిలికి గాలి ఎక్కించే ఏరేటర్లు వేసుకుంటే చేపలు బతుకుతాయి.

ప్రోగ్రాం రాసేది నాగేంద్ర. చింతలపూడి వైపు రైతు కుటుంబం, నలభై దాటిన మనిషి, పనిమంతుడు. రాసింది సరిగ్గా ఉందో లేదో పరీక్షించేది లలిత. తాడేపల్లిగూడెం అమ్మాయి, చదువైన కొత్తలోనే ఇక్కడ చేరింది. ఇంకో ఇద్దరు ముగ్గురున్నా ఈ కథకు వీళ్లు చాలు.

అంత మంచివాళ్లతో నేను ఎక్కడా పనిచేయలేదు. మొదటి రెట్రోలో, "ఈ రెండు వారాల్లో ఇబ్బంది పెట్టినదేమిటి?" అని అడిగాను.

"అబ్బే, ఏం లేదండి. అంతా బాగానే ఉందండి," అన్నాడు నాగేంద్ర.

"మీరేమంటారు లలితా?"

"నాగేంద్ర గారు చెప్పిందేనండి."

రామరాజు గారు చిరునవ్వుతో తలూపారు. "మన పిల్లలు బంగారమండీ మేడమ్. పోట్లాడుకోవడం తెలీదు."

గంటసేపు జరగాల్సిన సమావేశం టీ రాకముందే ముగిసింది. బాగా జరిగిందా, అసలు జరగలేదా అన్నది నాకు తేలలేదు.

చీటీలు, దోనె, సాక్ష్యం

ఆ తర్వాత నేను చేయని ప్రయోగం లేదు. రంగు చీటీలు పంచి, పేరు రాయకుండా మనసులో మాట రాసి గోడకు అంటించమన్నాను. ప్రతి చీటీ మీదా 'కమ్యూనికేషన్ మెరుగుపడాలి' అనే ఉంది. పరీక్షలో ఒకరి పేపరు చూసి ఒకరు రాసినట్టు ఉంది.

ఇంకోసారి బోర్డు మీద పడవ బొమ్మ గీశాను. ఇది పేరున్న పద్ధతే. మనల్ని ముందుకు నెట్టే గాలి ఏది, వెనక్కి పట్టి ఉంచే లంగరు ఏది అని అడగాలి. నాగేంద్ర బొమ్మను కాసేపు పరీక్షగా చూసి, "మేడమ్, మన కొల్లేటి దోనెకి తెరచాపా ఉండదు, లంగరూ ఉండదండి. గెడ పెట్టి తోసుకుంటూ పోవడమే," అన్నాడు. గెడ ఎంత పొడవుండాలి, తాటిదోనె మీద నిలబడాలా కూర్చోవాలా అని అందరూ అందుకున్నారు. లలిత కూడా వాళ్ల మావయ్య దోనెలోంచి నీళ్లలో పడ్డ కథ చెప్పింది. కడుపుబ్బా నవ్వుకున్నాం. రామరాజు గారు వెళ్తూ వెళ్తూ, "ఇవాళ్టి రెట్రో అదిరిందండీ," అన్నారు. పని గురించి ఒక్క ముక్క రాలేదు.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పదలుచుకున్నాను. ఆటలు ఆడించడం తప్పు కాదు. కానీ నవ్వులు వినబడగానే మనవాళ్లు మనసు విప్పారని అనుకోవద్దు. నవ్వు చాటున దాక్కోవడం మౌనం చాటున దాక్కోవడం కంటే సులువు. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మా చర్చిలో బుధవారం కూడికల్లో సాక్ష్యం చెప్పమంటారు. బజారులో తలెత్తి మాట్లాడని ఆడవాళ్లు కూడా అక్కడ లేచి నిలబడి, తమ ఇంట్లో ఏం జరిగిందో, ఎంత కుంగిపోయారో కళ్లనీళ్లతో చెబుతారు. మరి ఆఫీసులో ఎందుకు రాదని అనిపించింది. ఒక రెట్రోలో కుర్చీలు గుండ్రంగా వేయించి, ఒక్కొక్కరినీ లేచి మాట్లాడమన్నాను. ఒక్కొక్కరూ లేచారు. పక్కవాళ్లను మెచ్చుకుని కూర్చున్నారు. నన్నయితే మరీ ఎక్కువ మెచ్చుకున్నారు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, మావారితో నాకీ ఉద్యోగం చేతకావడం లేదన్నాను.

'చూస్తే బాగుంటుందేమోనండి'

వర్షాకాలం ముందు రైతుల నుంచి ఒక ఫిర్యాదు ఎక్కువైంది. ఊరికే ఫోన్లు వస్తున్నాయని. మీటరుకు నాచు పట్టినా, దాని మీద కొంగ వాలినా అంకె ఒక్క క్షణం పడిపోయి ఫోన్ వెళ్లిపోయేది. అందుకని నాగేంద్ర ఒక మార్పు చేశాడు. ఆక్సిజన్ తగ్గగానే ఫోన్ చేయకుండా కొంచెంసేపు ఆగాలి, అప్పటికీ తక్కువగానే ఉంటే అప్పుడు చేయాలి. రైతులు సంతోషించారు.

ఆ విడత చివరి రెట్రోలో లలిత ఒక మాట అంది. "ఆ కొత్తగా పెట్టిన ఆగడం ఉంది కదండీ... మధ్యలో సిగ్నల్ పోయి వచ్చినప్పుడు ఎలా ఉంటుందో ఇంకోసారి చూస్తే బాగుంటుందేమోనండి."

"చూద్దామండి లలిత గారూ," అన్నాడు నాగేంద్ర.

"మంచి పాయింటమ్మా," అన్నారు రామరాజు గారు.

నేను బోర్డు మీద రాశాను. అందరం లేచాం.

ఆమె చూసింది ఏమిటో నాకు తర్వాతే తెలిసింది. సిగ్నల్ తెగి మళ్లీ కలిసినప్పుడల్లా ప్రోగ్రాం ఆగాల్సిన సమయాన్ని మళ్లీ మొదటినుంచీ లెక్కపెడుతోంది. సిగ్నల్ పదే పదే తెగుతుంటే ఫోన్ ఎప్పటికీ వెళ్లదు. అయితే ఆమెకు అది ఒక్కసారే కనబడింది. మళ్లీ చేసి చూస్తే రాలేదు. రుజువు లేకుండా తప్పని రాసిపెడితే బాగుండదని, మాటగా అని ఊరుకుంది. మా ప్రాంతంలో 'చూద్దాం' అంటే అర్థం ఏమిటో ఇక్కడ పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

సత్తిబాబు గారి చెరువు

సత్తిబాబు గారు మా మొదటి రైతుల్లో ఒకరు. కైకలూరు వెళ్లే దారిలో, కొల్లేటి అంచున ఆయన చెరువు. ముసురు పట్టి రెండు మూడు రోజులు ఎండ లేదు. ఎండ లేకపోతే నీళ్లలో ఆక్సిజన్ పుట్టదు. మూడో రోజు తెల్లారేసరికి బొచ్చె, శీలావతి చేపలు నోళ్లు తెరుచుకుని పైకి వచ్చేశాయి. ఆయన ఏరేటర్లు వేసేటప్పటికే ఆలస్యమైంది. మా దగ్గర నుంచి ఫోన్ వెళ్లలేదు.

నేను, నాగేంద్ర, లలిత ఆ ఉదయమే వెళ్లాం. గట్టు మీద బురద. నీళ్ల మీద తెల్లటి పొట్టలు, ఒడ్డు కనబడనంతగా. పనివాళ్లు వలలతో తోడి ట్రేల్లో పోస్తున్నారు. సత్తిబాబు గారు తలకు తువ్వాలు చుట్టుకుని గట్టు మీద గొంతుక్కూర్చున్నారు. మమ్మల్ని చూసి లేచారు.

"రండి రండి. తడిసిపోయారేంటండీ, షెడ్డులోకి రండి. టీ తాగుతారా?"

తిట్టి ఉంటే బాగుండేది. లలిత షెడ్డులోకి రాలేదు. వానలోనే నిలబడి చెరువు వైపు చూస్తూ ఉండిపోయింది. నాగేంద్ర మీటరు దగ్గరకు వెళ్లి చాలాసేపు వంగే ఉన్నాడు.

ఆ వారంలోనే నాగేంద్ర కారణం పట్టుకున్నాడు. లలిత అన్నదే. వాన వల్ల ఆ ఊళ్లో సిగ్నల్ పోతూ వస్తూ ఉంది. ప్రోగ్రాం ప్రతిసారీ మొదటికి వెళ్తూ ఉంది. మిగతా చెరువులన్నిటికీ అదే ప్రోగ్రాం. అది తెలిశాక రైతులందరికీ ఫోన్లు చేసి, మా ఫోన్‌నే నమ్ముకోవద్దని చెప్పాం.

ఆ శుక్రవారం

రెట్రో ఎప్పట్లాగే శుక్రవారం సాయంత్రం. రామరాజు గారు వచ్చీ రాగానే, "ముందే చెబుతున్నానండి, ఇందులో ఎవరి తప్పూ లేదు. ఎవరూ మనసులో పెట్టుకోవద్దు," అన్నారు. ఆయన ప్రేమతోనే అన్నారు. కానీ ఆ మాటతో తలుపు మూసుకుపోయినట్టైంది. తప్పే లేనప్పుడు మాట్లాడుకోవడానికి ఏముంటుంది?

అప్పుడే సత్తిబాబు గారు మెట్లెక్కి వచ్చారు. ఓదార్చి పంపుదామని రామరాజు గారే ఆయన్ను రమ్మన్నారట. సమావేశం జరుగుతోందని చూసి ఆయన వెనక్కి తగ్గారు. ఏమనుకున్నానో తెలియదు, "అభ్యంతరం లేకపోతే మాతో కూర్చోండి. దీని గురించే మాట్లాడుకుంటున్నాం," అన్నాను.

"కూర్చుంటానండి. ఇంటికెళ్లి చేసేదేముంది," అన్నారాయన.

ఒక మూలన కుర్చీలో కూర్చున్నారు. ఆయన ఎదురుగా బోర్డు మీద ఏమైనా రాయడానికి నాకు చేతులు రాలేదు. నేనూ కూర్చున్నాను. ఎవరూ మాట్లాడలేదు. బయట వాన చప్పుడు. చివరికి ఆయనే గొంతు సవరించుకున్నారు.

"ఒక మాటండీ. మీ ఫోను వచ్చినా నేను ఎత్తేవాణ్ణో లేదో నాకే తెలీదండి. ఊరికే మోగుతోందని అంతకుముందు సౌండు తీసేసి గూట్లో పడేసేవాణ్ణి. ఆ రోజు సౌండు తీసేశానో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు. మా ఆవిడక్కూడా చెప్పలేదండి ఈ ముక్క."

ఈసారి లలిత కదిలింది.

"నేను చెప్పానండి," అంది నాగేంద్ర వైపు తిరిగి. "సిగ్నల్ సంగతి నేను చెప్పాను."

"చెప్పారు. కానీ 'చూస్తే బాగుంటుందేమో' అన్నారు. దానికి నేనేమనుకోవాలండి?"

"మరెలా అనాలండి? మీరు పెద్దవారు. మీ ప్రోగ్రాం తప్పండీ అని మొహం మీద అనాలా?"

"అనాల్సింది!"

ఆ ఆఫీసులో గొంతు పెరగడం నేను మొదటిసారి విన్నాను. రామరాజు గారు సర్దిచెప్పడానికి చెయ్యి ఎత్తారు. వద్దని నేను తల అడ్డంగా ఊపాను.

లలిత కళ్లు తుడుచుకుంది. "అంటే మీరు వినేవారా?"

నాగేంద్ర గొంతు తగ్గించాడు. "వినేవాణ్ణి కాదేమో. నిజం చెప్పాలంటే ఆ రోజే నాకు అర్థమైందండి మీరేమంటున్నారో. అర్థం కానట్టు ఉంటే ఆ విడత పని అయిపోయినట్టు అనుకోవచ్చు కదా అని ఊరుకున్నాను."

నా మనసులో మాత్రం లలిత ఆ రోజు అన్న మాట ఎంత వెతికినా తప్పు చూపించిన మాటలా లేదు. ఒక సందేహంలాగే వినిపించింది. ఒకే వాక్యం. ఆమెకు అది హెచ్చరిక, అతనికి తప్పించుకోగల మాట, నాకు సందేహం. రామరాజు గారిని అడిగాను, మీకెలా వినిపించిందని.

ఆయన ముఖం ఎర్రబడింది. "మంచి పాయింటమ్మా అన్నాను కదండీ... ఏ పాయింటో నాకు తెలీదండి. ఎవరేం చెప్పినా అలాగే అంటాను నేను."

ఎవరో నవ్వారు. సత్తిబాబు గారే అనుకుంటాను. ఇక ఆ రోజు ఆగలేదు. ఎన్నాళ్లనుంచో దాచుకున్నవన్నీ బయటపడ్డాయి. పని పూర్తికాకుండానే పూర్తయిందని చెప్పడం, అర్థం కాకపోయినా తలూపడం, నా చీటీల ఆటలు ఎవరికీ నచ్చకపోవడం. అదీ చెప్పారు. వాన వెలిసి, కింద దుకాణాల్లో దీపాలు వెలిగేదాకా కూర్చున్నాం.

మర్నాటి నుంచి నాగేంద్ర, లలిత పక్కపక్కన కూర్చుని ఆ లోపం సరిచేశారు. సత్తిబాబు గారి చెరువు గట్టుమీదే సిగ్నల్ తీస్తూ పెడుతూ, ఫోన్ తప్పకుండా వెళ్తోందని తేలేదాకా చూశారు. ఒకరు ఎత్తకపోతే ఇంట్లో ఇంకొకరికి వెళ్లేలా కూడా చేశారు. రామరాజు గారు తన చెరువుల నుంచి సత్తిబాబు గారికి చేపపిల్లలు తోలించారు. చేతులు దులుపుకోకుండా నిలబడిన ఆయన్ను నేను ఇప్పటికీ గౌరవిస్తాను. ఇకమీదట 'మంచి పాయింట్' అనే ముందు అదేమిటో అడుగుతానని లలితకు మాట కూడా ఇచ్చారు. చాలాసార్లు మర్చిపోయేవారు.

మళ్లీ మామూలే

దారి దొరికిందని నేను పొంగిపోయాను. రైతు ఎదురుగా ఉంటే మనవాళ్లు నిజం మాట్లాడతారు, అదే కిటుకు అనుకున్నాను. తర్వాతి రెట్రోకు కామవరపుకోట దగ్గర చెరువు పెట్టిన ఇంకో రైతును పిలిచాను. మనవాళ్లు ఇస్త్రీ చొక్కాలతో వచ్చారు. స్వీట్లు తెప్పించారు. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి కంపెనీ గొప్పలు చెప్పారు. ఆయన మా అందర్నీ దీవించి వెళ్లారు. ఒక్క నిజమూ బయటికి రాలేదు.

అప్పటి నుంచి రిటైరయ్యేదాకా మంచి రెట్రోలు కొన్ని జరిగాయి, చచ్చు రెట్రోలు చాలా జరిగాయి. ఏది ఎందుకు అలా అయిందో ముందుగా ఎప్పుడూ చెప్పలేకపోయాను. నేను వచ్చేశాక ఆ పని లలిత తీసుకుంది.

ఎవరి కారణం వారిది

ఊరికే ఉండలేక ఒకసారి ఆఫీసుకు వెళ్లి అందర్నీ అడిగాను. ఆ శుక్రవారం ఎందుకు మాట్లాడారని.

"సత్తిబాబు గారి వల్లేనండి, అనుమానమేముంది," అన్నారు రామరాజు గారు.

నాగేంద్ర ఆలోచించి, "మీరు మార్కరు పట్టుకుని బోర్డు దగ్గర నిలబడలేదండి ఆ రోజు. కూర్చున్నారు. మీరు రాస్తుంటే నాకు మాట రాదండి," అన్నాడు.

లలిత మాత్రం పకపకా నవ్వింది. "చెబితే ఏమీ అనుకోరు కదా మేడమ్? రెట్రో ఎప్పుడూ సాయంత్రమే పెట్టేవారు కదండీ మీరు. నాకేమో గూడెం వెళ్లే రైలుబండి ధ్యాస. మాట మొదలెడితే బండి తప్పిపోతుందని భయం. ఆ రోజు వానకి బండ్లన్నీ లేటన్నారు. ఇంకేముంది, తీరిగ్గా పోట్లాడాను."

ఇప్పుడామె రెట్రోను ఉదయానికి మార్చింది. కొంత మెరుగు అంది. కొంతే.

ఇన్ని పద్ధతులు చదివిన నేను ఆ పిల్ల ఇంటికెలా వెళ్తుందో అడగలేదు. అంతమాత్రాన కారణం బండి ఒక్కటే అని కూడా నమ్మలేను. మీరు ఈ ఉద్యోగంలోకి వస్తే ముందు అడగాల్సింది ఇలాంటివే అని మాత్రం చెప్పగలను. ఎవరికి ఎప్పుడు తొందర, ఎవరి ముందు ఎవరికి బెరుకు, మీరు ఎక్కడ నిలబడితే ఎవరికి మాట ఆగుతుంది. అన్నీ తెలుసుకున్నాక కూడా నోళ్లు తెరుచుకోకపోవచ్చు.

ఆ వారమే సత్తిబాబు గారి చెరువుకు వెళ్లాను. ఎండ చురుక్కుమంటోంది. నీళ్ల మీద మేత చల్లుతుంటే చేపలు కుతకుతలాడుతూ పైకి లేస్తున్నాయి. ఆయన్నీ అదే అడిగాను. ఫోన్ సంగతి మీరెందుకు చెప్పారండీ, చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు కదా అని.

"ఆయ్, తెలిసేది కాదండి," అన్నారు. చేతికి అంటిన మేత దులుపుకున్నారు. "అక్కడ అందరూ గమ్మున కూర్చున్నారు కదండీ. ఇంకొంచెంసేపు ఎవరూ మాట్లాడకపోతే నాకు ఏడుపొచ్చేసేలా ఉంది. అంతమందిలో ఏడిస్తే బాగోదని, నోటికొచ్చింది అనేశాను. అంతేనండి."

గట్టు మీద ఆయన పక్కనే కూర్చున్నాను. ఇద్దరం నీళ్లు చూస్తూ చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. ఎదుటివాళ్లు మౌనంగా ఉంటే నాకు కంగారు పుట్టకపోవడం అదే మొదటిసారి. తీరా అప్పటికి నాకు ఆ ఉద్యోగం లేదు.